విగ్రహం కంటే ముందు: ఊళ్లోని మాజీ సైనికులకు, అమరుల కుటుంబాలకు ఏం చేయొచ్చు

తమ్ముడూ, మీరు అడిగింది ఇది. మీ ఊరి నుంచి మిలిటరీలో చేరి రిటైరై వచ్చినవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. సర్వీసులో ఉండగా చనిపోయినవాళ్లు ఇద్దరు. యువజన సంఘం తరఫున చందాలు వేసుకుని ఊరి సెంటర్లో అమరజవాను విగ్రహం పెట్టాలనుకుంటున్నారు. అది సరిపోతుందా, ఆ కుటుంబాలకు ఊరు ఇంకేమైనా చేయగలదా అని మీ ప్రశ్న. నేను ఆర్మీలో సుబేదారుగా రిటైరయ్యాను. అప్పటి నుంచి మా జిల్లా మాజీ సైనికుల సంఘంలో పెన్షన్ కాగితాలు, వీర నారీల (సర్వీసులో భర్తను పోగొట్టుకున్నవాళ్ల) పనులు చూస్తున్నాను. చెప్పాల్సింది చాలా ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

విగ్రహం వద్దని చెప్పను. కానీ అది ఆఖరి పని. ముందు ఆ ఇళ్లకు వెళ్లాలి. జవాను చనిపోయిన వారం రోజులు ఊరంతా ఆ ఇంటి ముందే ఉంటుంది. మంత్రులు వస్తారు, కెమెరాలు వస్తాయి, వీధంతా ఫ్లెక్సీలు కడతారు. పెద్దకర్మ అయిపోయాక జనం పల్చబడతారు. మూడో ఏడాదికి ఆ ఇంటి గడప తొక్కేవాళ్లు ఉండరు. అసలు కష్టం మొదలయ్యేది అప్పుడే. పిల్లల ఫీజులు, అత్తమామలతో మాటపట్టింపులు, ఆఫీసు నుంచి వచ్చే ఇంగ్లీషు ఉత్తరాలు, ఒంటరితనం, ఇవన్నీ ఆ జవాను భార్య ఒక్కతే మోస్తుంది. ఊరు చేయగలిగింది ఏదైనా ఉంటే ఆ మూడో ఏడాది నుంచి చేయాలి. నేను రాసేదంతా దాని గురించే.

ముందు ఒక రిజిస్టరు పెట్టండి. మామూలు లాంగ్ నోట్‌బుక్ చాలు. ఒక్కో కుటుంబానికి రెండు పేజీలు వదలండి. సైనికుడి పేరు, సర్వీస్ నంబరు, ర్యాంకు, రెజిమెంటు, చేరిన సంవత్సరం, బయటికొచ్చిన సంవత్సరం, పెన్షన్ వస్తోందా లేదా, భార్య పేరు, పిల్లల పేర్లు, వయసులు, ఇంట్లో దివ్యాంగులైన బిడ్డ ఉన్నారా, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉందా, ఇవి రాసుకోండి. ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు మాత్రం అందులో రాయొద్దు. వాటిని వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టొద్దు. పెన్షన్ కేవైసీ పేరుతో ఫోన్ చేసి ముసలివాళ్ల ఖాతాలు ఖాళీ చేసే ముఠాలున్నాయి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ప్రతి ఇంట్లో రెండుసార్లు చెప్పి రండి.

వెళ్లేటప్పుడు పదిమంది గుంపుగా వెళ్లకండి. ఇద్దరు చాలు, వాళ్లలో ఒక ఆడపిల్లో, పెద్దావిడో ఉంటే మంచిది. భర్త లేని ఇంట్లో మగపిల్లలు నలుగురు కూర్చుని ప్రశ్నలడిగితే ఆమె సగం విషయాలు చెప్పదు.

చాలా ఇళ్లలో అటక మీద గానీ మంచం కింద గానీ ఒక నల్ల ట్రంకుపెట్టె ఉంటుంది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు రాసి ఉంటాయి. అందులో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), రెండు మూడు మెడల్స్, గ్రూపు ఫొటో దొరుకుతాయి. ఆ కాగితాలు ఆమె అనుమతితో జాగ్రత్తగా చదవండి. ఎక్కువ సమస్యలు అక్కడే కనిపిస్తాయి. పీపీఓలో భార్య పేరు ‘లక్ష్మి’ అని ఉంటుంది, ఆధార్‌లో ‘వెంకటలక్ష్మమ్మ’ అని ఉంటుంది. ఆమె పుట్టిన తేదీ దగ్గర ఖాళీ ఉంటుంది, లేకపోతే ఏదో ఒక జనవరి 1 వేసి ఉంటుంది. భర్త బతికున్నంతకాలం వాటి జోలికి ఎవరూ వెళ్లరు. ఆయన పోయిన మర్నాటి నుంచి ప్రతి అక్షరమూ అడ్డుగోడే అవుతుంది.

ఈ పుట్టిన తేదీ సంగతి ఇంకొంచెం చెప్పాలి. పెన్షనరైనా, ఫ్యామిలీ పెన్షనరైనా 80 ఏళ్లు నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం అదనంగా వస్తుంది. 85కి 30, 90కి 40, 95కి 50 శాతం, నూరేళ్లు నిండితే నూటికి నూరు శాతం. రికార్డులో పుట్టిన తేదీ సరిగ్గా లేకపోతే ఆ పెంపు దానంతటదే పడదు. ఎనభై దాటి ఐదారేళ్లయినా పాత పెన్షనే తీసుకుంటున్న అవ్వలు ప్రతి మండలంలోనూ ఉన్నారు. అది ఎవరి దయా కాదు, ఆమెకు రావాల్సిన డబ్బు. మీ సంఘంలో కంప్యూటర్ తెలిసిన ఒక్క కుర్రాడు కూర్చుని రక్షణ శాఖ పెన్షన్ల వెబ్‌సైటు అయిన స్పర్శ్ పోర్టల్లో ఆమె వివరాలు తెరిచి చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. దిద్దుబాటుకు కావాల్సిన కాగితాలేమిటో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు.

ఆయన బతికుండగానే సరిచేయించుకోగలిగితే ఇంకా మంచిది. పెళ్లయినా, బిడ్డ పుట్టినా యూనిట్లో దాన్ని రికార్డుకెక్కించే పార్ట్ టూ ఆర్డర్ పడాలి. కొందరు అశ్రద్ధ చేశారు, కొందరికి రెండో పెళ్లి విషయంలో చిక్కులున్నాయి. రికార్డ్ ఆఫీసులో భార్య పేరు లేకుండా ఆయన కన్నుమూస్తే ఆమె భార్యేనని రుజువు చేసుకోవడానికి ఏళ్లు పడుతుంది. మీ ఊరి రిటైర్డ్ జవాన్లు ఇరవై మందినీ ఒకరోజు కూర్చోబెట్టి, ఎవరి పీపీఓలో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో చూడండి. నన్నడిగితే ఆ ఒక్కరోజు పని మీరు పెట్టబోయే విగ్రహమంత విలువైనది.

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇంకో పని. ఎక్కువమందికి నవంబరులో ఉంటుంది, 80 దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇచ్చుకోవచ్చు. పొలం పనితో అరిగిపోయిన వేళ్లకు వేలిముద్రలు పడవు. మీసేవకు రెండుసార్లు, బ్యాంకుకు రెండుసార్లు తిరిగి, విసుగొచ్చి ఇంట్లో కూర్చుంటారు. తర్వాత పెన్షన్ ఆగిపోతుంది. ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ (డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) ఇచ్చే పద్ధతి ఉంది. మీ కుర్రాళ్లు ఫోన్ పట్టుకుని ఇంటింటికీ వెళితే మంచం మీదున్నవాళ్లకు కూడా అయిపోతుంది.

పెన్షన్ లేనివాళ్లను మర్చిపోకండి. పదిహేనేళ్ల సర్వీసు నిండకముందే బయటికొచ్చిన జవాన్లలో చాలామందికి పెన్షన్ రాదు. ఊళ్లో జనం మాత్రం ‘ఆయనకేం, మిలిటరీ పెన్షన్’ అనుకుంటారు. అలాంటివాళ్లు గానీ, వాళ్ల భార్యలు గానీ 65 దాటి, హవల్దార్ ర్యాంకు వరకు అయి, వేరే ఆదాయం లేకపోతే కేంద్రీయ సైనిక్ బోర్డు నుంచి నెలనెలా పెన్యూరీ గ్రాంటు (పేదరికంలో ఉన్నవాళ్లకిచ్చే సాయం) వస్తుంది. అది నెలకు 4,000 ఉండేది, 2025 నవంబరు నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు 8,000 చేశారు. అప్పుడే పిల్లల చదువు గ్రాంటును ఒక్కో బిడ్డకు నెలకు 1,000 నుంచి 2,000కు, పెళ్లి గ్రాంటును 50 వేల నుంచి లక్షకు పెంచారు. చదువు గ్రాంటు ఇద్దరు పిల్లల వరకు ఇస్తారు. ఇవి కాక ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి వృత్తి కోర్సులు చదివే పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది, ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500. వీటిలో చాలావాటికి గడువులుంటాయి, దాటితే తీసుకోరు. పేపర్లో చదివి ఊరుకుంటే లాభం లేదు. ఊళ్లో ఏ బిడ్డ ఇంటర్ పాసైందో మీ రిజిస్టరులో ఉంటే జూన్‌లోనే ఆ ఇంటికి వెళ్లి గుర్తు చేయగలరు.

వైద్యం విషయం. పెన్షనర్లకు, వాళ్ల కుటుంబాలకు 2003 నుంచి ఈసీహెచ్ఎస్ ఉంది. యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నవాళ్లు దాని చందా కూడా కట్టనక్కర్లేదు. కానీ పాలీక్లినిక్ ఊళ్లో ఉండదు. పెద్దాయన బస్సెక్కి వెళ్లి రెఫరల్ రాయించుకుని, మళ్లీ ఇంకో ఊరి ఆసుపత్రికి పోవాలి. గుండెజబ్బు మనిషికి అది ఎంత టెన్షనో ఆలోచించండి. నెలకు రెండు రోజులు ఒక కారు పెట్టి నలుగురైదుగురు పెద్దవాళ్లను క్లినిక్‌కు తీసుకెళ్లి తీసుకురండి. మీరు వేసుకునే చందాల డబ్బుకు దీనికి మించిన ఖర్చు నాకు తోచదు.

ఇక అమరుల కుటుంబాల గురించి. ఇక్కడ మాట జాగ్రత్తగా చెప్పాలి.

చావు కబురు వచ్చిన తొలి రోజుల్లో మీరు చేయాల్సింది గేటు దగ్గర నిలబడటం. వచ్చేపోయేవాళ్లను, మీడియాను చూసుకునే మనిషి ఒకరు, ఆర్మీ వాళ్లతో, కలెక్టరాఫీసుతో మాట్లాడే మనిషి ఒకరు, ఇంటి లోపల ఆడవాళ్లకు, పిల్లలకు తోడుగా ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి. ఆమె ఏడుస్తుంటే ఫోన్లు పైకెత్తి వీడియోలు తీయనివ్వకండి. ఆ వీడియోలు ఆ పిల్లలు పదేళ్ల తర్వాత చూస్తారు. మొదటి నెల్లో ఆమెతో ఏ కాగితం మీదా సంతకం పెట్టించకూడదు, దగ్గరి బంధువులు తెచ్చినా సరే. భూమి కాగితమైనా, అప్పు కాగితమైనా, ఫలానా సంఘానికి విరాళమైనా నెల దాటాక చూసుకోవచ్చు. పార్థివదేహం మీద కప్పిన జెండాను చితి మీదికి గానీ సమాధిలోకి గానీ పోనివ్వకూడదు, అది నియమం. మడిచి ఇంటివాళ్ల చేతికిస్తారు. ఆ జెండా వాళ్లది. ఊరేగింపులకూ, సభలకూ ఇమ్మని అడగొద్దు.

తర్వాత వచ్చేది డబ్బు గొడవ. దాచిపెట్టి లాభం లేదు, చాలా ఇళ్లలో జరుగుతుంది. కొడుకు పోయిన తల్లిదండ్రులకు ఆసరా కావాలి, ఇరవై ఐదేళ్ల కోడలికి ముందు బతుకంతా ఉంది. ఊరి పెద్దలు అరుగు మీద కూర్చుని పంపకాలు చేస్తే రెండు పక్షాలూ శత్రువులవుతాయి. అసలు ఏ డబ్బు ఎవరికి రావాలో చాలావరకు రూల్సులోనే ఉంది, జవాను రాసిన నామినేషన్లలో ఉంది. జిల్లా సైనిక సంక్షేమ అధికారి దగ్గరికి ఇద్దరినీ తీసుకెళ్లి ఆయన నోటితో చెప్పించండి. కోడలు మళ్లీ పెళ్లి చేసుకుంటానంటే ఊరు అడ్డుపడకూడదు. సైనిక్ బోర్డు పెళ్లి గ్రాంటు వీర నారి పునర్వివాహానికి కూడా ఇస్తుంది.

పెన్షన్ ఏ రకమో కూడా చూడాలి. మామూలు మరణానికి ఆర్డినరీ ఫ్యామిలీ పెన్షన్, అంటే ఆఖరి జీతంలో 30 శాతం. సర్వీసు కారణంగా చనిపోయారని తేలితే స్పెషల్, 60 శాతం. యుద్ధంలో, ఉగ్రవాదులతో పోరులో అయితే లిబరలైజ్డ్, పూర్తి జీతమంత. మరణ కారణం ఎలా నమోదైందన్న దాని మీద కుటుంబం జీవితాంతం ఆధారపడుతుంది. తప్పుగా నమోదైందనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కుంది, సైనికుల కేసులు చూసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ దాకా వెళ్లొచ్చు. చదువుకున్న మనిషి ఒకరు ఆఫీసు నుంచి వచ్చిన పెన్షన్ ఉత్తరం ఒక్కసారి చదివి పెడితే చాలు, ఆమె దారి మారొచ్చు.

ఆఫీసు లెక్కలో ఈ తేడాలుంటాయి గానీ మీ ఊరి లెక్కలో ఉండకూడదు. సెలవులో ఇంటికొస్తూ రోడ్డు ప్రమాదంలో పోయినవాడు, జబ్బు చేసి పోయినవాడు, మనసు విరిగి ప్రాణం తీసుకున్నవాడు, వీళ్ల పేర్ల ముందు ఎవరూ అమరుడు అని రాయరు. ఆ చివరి కుటుంబం అయితే నలుగురిలో తలెత్తుకోలేక బతుకుతుంది. ‘సర్వీసులో ఉండగా చనిపోయినవారు’ అని ఒకే జాబితా పెట్టండి, అందరి పేర్లూ అందులోనే ఉండనివ్వండి. మీరు చెప్పిన ఇద్దరూ ఇలాంటివాళ్లను కలుపుకున్న లెక్కేనా? ఇంకోసారి ఊరు చుట్టి విచారించండి.

సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్లను కూడా రాసుకోండి. వాళ్లు రక్షణ శాఖ కింద కాదు, హోం శాఖ కింద ఉంటారు కాబట్టి సైనిక సంక్షేమ కార్యాలయంలో వాళ్ల పని జరగదు. వాళ్లకు ‘వార్బ్’ అని విడిగా సంక్షేమ బోర్డు ఉంది. ఈ తేడా తెలియక ఆ తల్లులు ఏళ్ల తరబడి తమది కాని ఆఫీసు చుట్టూ తిరుగుతుంటారు. స్మరణ సభలో మాత్రం వేరు చేయకండి.

ఇప్పుడు విగ్రహం. 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజల వాడకంలో ఉన్న స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వకూడదు. ఊరి సెంటర్లో రాత్రికి రాత్రి దిమ్మె కట్టేస్తే రేపు ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, అధికారులు ముసుగు వేయిస్తారు, ఆ ముసుగేసిన బొమ్మను వాళ్లమ్మ రోజూ చూస్తూ పోవాలి. అంతకంటే బడి ఆవరణలోనో, పంచాయతీ ఆఫీసు లోపలో అనుమతి తీసుకుని ఒక గ్రానైట్ పలక పెట్టండి. ఖర్చు తక్కువ, పోలిక రాలేదన్న బాధ ఉండదు. అచ్చం ఆ మనిషిలా లేని బొమ్మను చూసి భార్య ముఖం తిప్పుకున్న సందర్భాలు నాకు తెలుసు.

పలక మీద అక్షరాలు చెక్కించాలి, పెయింటు వద్దు, రెండు వానాకాలాలకు పోతుంది. ర్యాంకు, పూర్తి పేరు, రెజిమెంటు, పుట్టిన సంవత్సరం, చనిపోయిన తేదీ, స్థలం, ఇవి చాలు. చెక్కే ముందు కాగితం మీద రాసి ఇంటివాళ్లకు చూపించి, సరేననిపించుకోండి. ఇంటిపేరు, ర్యాంకు తప్పుపడితే ఆ రాయి ఉన్నన్నాళ్లూ వాళ్లను గుచ్చుతుంది. సర్పంచ్ పేరు, దాతల పేర్లు అదే పలక మీద వేయకండి. అవి వేరే చోట రాసుకోవచ్చు.

జాబితా కోసం వెనక్కి కూడా వెళ్లండి. చైనా సరిహద్దులోని గల్వాన్‌లో 2020 జూన్ 15న ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్ బాబు పేరు సూర్యాపేటలో చిన్న పిల్లాడు కూడా చెబుతాడు. ఆయన విగ్రహం అక్కడుంది, మహావీర చక్ర వచ్చింది. మరి మీ మండలం నుంచి 1962లో, 65లో, 71లో పోయినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు? ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకం త్యాగ చక్రం గోడల మీద 25 వేలకు పైగా పేర్లున్నాయి, స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్లవి. మీ ఊరి మనిషి పేరు అక్కడుందేమో కనుక్కోండి. ప్రపంచ యుద్ధాల నాటివాళ్లయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ల జాబితా ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది. కొన్నింటిలో తండ్రి పేరు, ఊరి పేరు కూడా ఉంటాయి. వెతికేటప్పుడు కృష్ణాను ‘కిస్ట్నా’ (Kistna) అని, విశాఖపట్నాన్ని ‘వైజాగపటం’ (Vizagapatam) అని పాత స్పెల్లింగులతో వెతకాలి. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోనూ, సింగపూర్‌లోనూ ఉన్న స్మారకాల మీద మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లి తిరిగిరాని మనవాళ్ల పేర్లున్నాయి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని ‘మిలిటరీ మాధవరం’ అని పిలుస్తారు కదా, అక్కడ తరాలుగా ఇంటింటా సైనికులే. ఆ ఊరికి వెళ్లి వాళ్లు ఈ జ్ఞాపకాన్ని ఎలా కాపాడుకుంటున్నారో చూసి రండి.

రాయి పెట్టాక దాని దగ్గరికి ఏటా మనుషులు రావాలి. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దంలో జరిగింది. ఇప్పటికీ కారంపూడి వీరుల గుడి దగ్గర కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు అంటూ ఒక్కో రోజు ఒక్కో ఘట్టం తలుచుకుంటూ జనం చేరతారు. కథ చెప్పుకోవడం ఉంది కాబట్టే ఆ పేర్లు నిలిచాయి. మీ ఊళ్లో కూడా దండ వేసి, రెండు నిమిషాలు మౌనం పాటించి వెళ్లిపోకుండా ఆ మనిషి ఎవరు, ఏ పొలం దున్నాడు, ఏ బడిలో చదివాడు, ఎక్కడ ఎలా పోయాడు అనేది ఒకరు నిలబడి చెప్పాలి. చిన్ననాటి స్నేహితుడైతే ఇంకా బాగుంటుంది, రాజకీయ నాయకుడి ఉపన్యాసం కన్నా.

ఏ రోజు పెట్టుకోవాలంటే, మన ఊళ్లకు సరిపోయేది జనవరి 14. మన ఆర్మీకి తొలి భారతీయ అధిపతి అయిన ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో రిటైరైన రోజు అది. దాన్ని మాజీ సైనికుల దినోత్సవంగా జరుపుతారు. మనకు ఆ రోజు సాధారణంగా భోగి, కొన్నేళ్లు సంక్రాంతి పడుతుంది. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నవాళ్లంతా ఊళ్లోనే ఉంటారు, సర్వీసులో ఉన్న కుర్రాళ్లు కొందరు సెలవు మీద వస్తారు. పొద్దున భోగిమంటల తర్వాత గంటసేపు చాలు. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి జరుగుతోంది. ఆ రోజు జెండా స్టిక్కర్ల ద్వారా వసూలైన డబ్బు మాజీ సైనికుల సంక్షేమానికే వెళుతుంది కాబట్టి బడి పిల్లలతో ఆ పని చేయించండి. వీటన్నింటికంటే కుటుంబానికి ముఖ్యమైన రోజు ఆ జవాను చనిపోయిన తేదీ. ఆ రోజు సభ అక్కర్లేదు, ఇద్దరు వెళ్లి కూర్చుని వస్తే చాలు.

ఇంకో మాట, ఇది నాకు బాగా పట్టింపు ఉన్న విషయం. ఆగస్టు 15న బడిలో జెండా ఎగరేయడానికి వీర నారిని పిలవండి. భర్త పోయిన ఆడదని మన ఊళ్లలో ఇప్పటికీ శుభకార్యాల్లో వెనక కూర్చోబెడతారు. దేశం కోసం ప్రాణమిచ్చినవాడి భార్య ఎదురొస్తే ఆగి, కాసేపటికి బయల్దేరే మనుషులున్నారు. ఊరి జెండా ఆమె చేతుల మీదుగా పైకి వెళితే ఆ చూపు మారుతుంది. కానీ ముందు ఆమెను అడగండి. కొందరికి స్టేజీ ఎక్కాలంటే గుండె దడ. రానంటే బలవంతం చేయకూడదు, వచ్చే ఏడాది మళ్లీ అడగాలి.

రిటైరైనవాళ్లతో మాట్లాడటం కూడా సాయమే. జవాను చాలామటుకు ముప్పై ఐదు, నలభై ఏళ్లకే బయటికొస్తాడు. పదిహేడేళ్లపాటు నలుగురితో కలిసి తిని, కలిసి పడుకున్న మనిషి ఒక్కసారిగా ఏ ఏటీఎం ముందో, ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో సెక్యూరిటీగా ఒంటరిగా కూర్చుంటాడు. ఊళ్లో కొంతమంది క్యాంటీన్ మందు కోసం తప్ప ఆయన్ను పలకరించరు. రాత్రిళ్లు నిద్రపట్టనివాళ్లు, తాగుడులో పడినవాళ్లు ఉంటారు. వాళ్ల గురించి నలుగురిలో ఎగతాళిగా మాట్లాడకుండా, ఇంట్లోవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఇవ్వండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆయనకు ఊళ్లో ఒక బాధ్యత అప్పగిస్తే ఇంకా మేలు. పొద్దున్నే పిల్లలకు పరుగు నేర్పడం, ఆర్మీ ర్యాలీకి తయారుచేయడం లాంటివి అడిగితే కాదనే సైనికుణ్ని నేను చూడలేదు.

1971 యుద్ధంలో ఇరవై ఏళ్ల కుర్రాళ్లుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై ఐదు దాటాయి. ఫోన్లో వాళ్ల మాటలు రికార్డు చేయించండి, పిల్లలతోనే. ఎంతమందిని చంపారు తాతా అని మాత్రం అడగనివ్వొద్దు. ఇంటికి ఉత్తరం ఎన్నాళ్లకు చేరేది, ట్రెంచిలో ఏం తినేవారు, ఎవరు మీ దోస్తు, అతను తిరిగొచ్చాడా అని అడగమనండి. చివరి ప్రశ్నకు ఆయన ఆగిపోతే, రికార్డింగ్ ఆపి మంచినీళ్లివ్వమనండి.

భూమి కేసుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రిజిస్టరు రాయడం మొదలుపెట్టగానే ఇవి బయటపడతాయి. మాజీ సైనికులకు ప్రభుత్వం అసైన్ చేసిన భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకునే హక్కుంది. కానీ ఆ సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉండిపోవడంతో కూతురి పెళ్లికి కూడా అమ్ముకోలేక తిరుగుతుంటారు. కొన్నిచోట్ల ఆ భూమిలో ఇంకెవరో సాగు చేస్తుంటారు. ఇది ఊరి కుర్రాళ్లు తగవు పడి తేల్చే పని కాదు. పట్టా నకలు, డిశ్చార్జి బుక్కు నకలు, సర్వే నంబరుతో అర్జీ రాసి కలెక్టరుకు ఇప్పించండి. జిల్లా సైనిక్ బోర్డుకు అధ్యక్షుడు కలెక్టరే.

చందాల లెక్క ప్రతి నెలా పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించండి. డబ్బు నేరుగా కుటుంబం చేతిలో పెట్టి ఫొటో దిగే పద్ధతి వద్దు, ఫీజు బడికే కట్టండి, మందుల బిల్లు షాపుకే ఇవ్వండి.

చివరగా అగ్నివీరులు. 2022లో తెచ్చిన అగ్నిపథ్ అనే నాలుగేళ్ల సర్వీసు పథకం కింద చేరినవాళ్లలో 25 శాతం వరకే రెగ్యులర్‌గా ఉంటారు. మిగతావాళ్లు నాలుగేళ్లకే సేవానిధి అనే ఏకమొత్తం డబ్బు తీసుకుని ఇంటికొస్తారు. వాళ్లకు పెన్షన్ లేదు, ఈసీహెచ్ఎస్ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. సేవానిధి పది లక్షలకు పైగా ఒక్కసారే చేతికొస్తుంది, వయసు చూస్తే పాతికకు అటూ ఇటూ. ఏ చిట్టీ కంపెనీ వాడో, ఏ ఆన్‌లైన్ ట్రేడింగ్ వాడో వాళ్ల కోసం కాచుకుని ఉంటాడు. మీ ఊరి నుంచి వెళ్లిన అగ్నివీరుల పేర్లు, చేరిన నెల కూడా ఆ రిజిస్టరులో రాయండి. ఎవరు ఎప్పుడు తిరిగొస్తారో లెక్క తెలుస్తుంది. ఆ నెలలో బ్యాంకు తెలిసిన ఒక పెద్దమనిషిని, పోలీసు ఉద్యోగమో మరొకటో వచ్చిన ఒక పాత జవానును వాళ్లింటికి తీసుకెళ్లండి. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మొదటిసారి ఏం అడగాలో తెలియకపోతే మళ్లీ రాయండి, అర్జీల నమూనాలు తెలుగులో నా దగ్గరున్నాయి, పంపిస్తాను.